సరస్సు దాటి వచ్చిన బొమ్మ

శనివారం పొద్దున్నే హార్లన్ డైక్‌హౌస్ పెట్టుకున్న పని ఒక్కటే. గరాజ్ పక్కన స్తంభానికి బిగించిన యాంటెన్నాను కాస్త తిప్పి, ఊళ్ళో చానళ్ళు సరిగ్గా వచ్చేలా చెయ్యాలి. గాల్లో ఊరికే వచ్చేదాన్ని కొనుక్కోవడమేమిటని అతను క్రితం వారమే కేబుల్ పీకించేశాడు. సముద్రమంత సరస్సు ఒడ్డునున్న మస్కీగన్‌లో డచ్చివాళ్ళంతా పొదుపరులే. వాళ్ళే హార్లన్‌ని చూసి ముక్కున వేలేసుకునేవారు. టీ పొట్లాన్ని అతను రెండుసార్లు వాడేవాడు. మెచ్చుకోలు మాటైతే ఒక్కసారి కూడా వాడేవాడు కాదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో భార్య విల్మా వంటకి అతనిచ్చిన అతి పెద్ద కితాబు "తినొచ్చు".

ఆ పొద్దున గాలన్నది లేదు, ఒకటే ఉక్క. హార్లన్ బోల్టు వదులు చెయ్యగానే యాంటెన్నా గిర్రున తిరిగి సరస్సు వైపు మొహం పెట్టింది. అతను తిట్టుకుంటూ ఉండగానే లోపల్నుంచి విల్మా కేక వేసింది.

"హార్లన్, స్కాన్ నొక్కితే మిల్వాకీ వచ్చింది."

"ఏ మిల్వాకీ?"

"సరస్సు అవతలున్న మిల్వాకీ. మన కెల్సీ వాళ్ళ స్టేషన్."

కెల్సీ అంటే హార్లన్ దంపతుల కూతురి కూతురు. మిల్వాకీ టీవీలో వాతావరణం చెప్పే ఉద్యోగం అప్పుడే దొరికింది. సోమవారం మధ్యాహ్నం వార్తల్లో మొదటిసారి కనిపిస్తుంది. సరస్సు చుట్టూ తిరిగి వెళ్ళడానికి విల్మా మోకాళ్ళు ఒప్పుకోవు. ఫోన్‌లో చూపిస్తామని ఎవరన్నా అంటే "అంత చిన్న కెల్సీని నేను చూడను" అనేసింది. కానీ వారం రోజులుగా ఆవిడ మొహంలో కళ లేదు. అందుకే హార్లన్ వెంటనే మనవరాలికి ఫోన్ చేశాడు.

"సోమవారం నిన్ను మా ఇంట్లో కూర్చుని చూస్తాం. ఇది నా మాట."

"ఎలా తాతయ్యా? మధ్యలో సరస్సుందిగా."

"ఉంటే ఉంది. నా యాంటెన్నా సంగతి దానికి తెలీదు."

కెల్సీ నవ్వింది. కాసేపాగి, "చూశాక ఎలా చెప్పానో చెప్తావా? నాకు భయంగా ఉంది" అంది.

"చూద్దాంలే" అన్నాడు హార్లన్.

సాయంత్రానికి చల్లగాలి లేచింది, మిల్వాకీ మాయమైంది. హార్లన్ మళ్ళీ స్కాన్ నొక్కాడు. టీవీ పాతవన్నీ తుడిచేసి, కొత్తవేవీ దొరకలేదని చెప్పింది. యాంటెన్నా సరస్సు వైపు చూస్తోంది కాబట్టి ఊళ్ళో చానళ్ళూ పోయాయి. విల్మా తమ్ముడు గెరిట్ సిగ్నల్ పెంచే బూస్టర్ ఒకటి పట్టుకొచ్చి తగిలించాడు.

"ఇప్పుడెలా ఉంది బావా?"

"ఇందాక ఏమీ రావడం లేదు. ఇప్పుడు అదే ఇంకా గట్టిగా రావడం లేదు."

మర్నాడు ఆదివారం. ఆదివారం పని చెయ్యడం వాళ్ళ చర్చిలో తప్పు, గడ్డి కోసినా నలుగురూ నాలుగు రకాలుగా అంటారు. హార్లన్ ప్రార్థన నుంచి వచ్చి, సూటూ టై విప్పకుండానే గరాజ్ పక్కకు వెళ్ళి, స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని అంగుళం అంగుళం తిప్పసాగాడు. సరిగ్గా అప్పుడే చర్చి మహిళా సంఘం పెద్ద నెల్వా ఆ దారిన వచ్చింది.

"ఆదివారం పూట స్తంభంతో పనేమిటి హార్లన్?"

"పనేం లేదు. ఊరికే ఆనుకున్నాను."

"ఆనుకుంటే తిరుగుతోందేం?"

"తిరిగేది అది. నేను కాదుగా."

నెల్వా దాన్ని అక్కడితో వదిలేసింది. ఆవిడ వచ్చిన సంగతి వేరు. "రేపు కెల్సీని మీ ఇంట్లో చూడొచ్చని గెరిట్ అన్నాడు. పిల్ల ఎన్నింటికి వస్తుంది?"

"పన్నెండింటికి."

"భోజనాల వేళకే అన్నమాట. మేం చూసుకుంటాంలే" అని ఆవిడ చకచకా వెళ్ళిపోయింది. ఏం చూసుకుంటుందో హార్లన్‌కి అర్థం కాలేదు. అడిగే స్థితిలోనూ లేడు.

సోమవారం పన్నెండు కావస్తుండగా సగం చర్చి హార్లన్ ముందుగదిలో ఉంది. బల్ల నిండా హామ్ పెట్టిన బన్నులు, మధ్యలో వణుకుతున్న ఆకుపచ్చ జెల్లీ, గోడ మీద "ఇంటికి స్వాగతం కెల్సీ" అని గుడ్డ.

"పిల్లేదీ?" అంది నెల్వా.

హార్లన్ నల్లగా ఉన్న టీవీ వైపు చూపించాడు. "అందులోంచి వస్తుంది. రావాలి."

నెల్వా గోడ మీది గుడ్డ వైపు చూసింది. విల్మా మాత్రం చర్చికి వేసుకునే గౌను వేసుకుని, ముందు కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ ఒక్క మాటన్నా హార్లన్‌కి కాస్త తేలికయ్యేది. అతను బూస్టర్ పీకి అవతల పారేసి, ఆఖరిసారిగా స్కాన్ నొక్కాడు. బయట మళ్ళీ ఉక్క. ఆకు కదలడం లేదు.

బొమ్మ వచ్చింది. నీలం కోటులో కెల్సీ.

"అమ్మో, ఎంత పెద్దగా ఉంది నా తల్లి" అంది విల్మా.

కెల్సీ గొంతు మొదట కాస్త వణికింది, తర్వాత కుదురుకుంది. "ఇవాళ సరస్సు మీద చల్లటి గాలికి పైన వేడిగాలి మూతపెట్టినట్టుంది. ఇలాంటప్పుడు మన బొమ్మ నీళ్ళు దాటి మస్కీగన్ దాకా పోతుంది. అక్కడ మా తాతయ్య ఇదంతా తన యాంటెన్నా గొప్పతనమే అనుకుంటుంటాడు."

గది గొల్లుమంది. హార్లన్ చెవులు ఎర్రబడ్డాయి.

"కానీ వానని వెంటేసుకుని ఉత్తరపు గాలి బయల్దేరింది. అది సరస్సు మీదికి రాగానే ఆ మూత లేచిపోతుంది. అమ్మమ్మా, ఆరేసిన బట్టలు తీసెయ్. తాతయ్యా, ఇంక నేను కనిపిం—"

కెల్సీ నోరు తెరిచినట్టే ఉండిపోయింది, గళ్ళుగళ్ళుగా చెదిరి మాయమైంది. అందరూ నోళ్ళు తెరుచుకుని హార్లన్ వైపు చూశారు. హార్లన్ కిటికీ వైపు చూశాడు. కాసేపటికి తెర కదిలింది. మరి కాసేపటికి వీధిలో చెత్తడబ్బా దొర్లింది. బన్నులు చేత్తో పట్టుకునే జనమంతా పెరట్లోకి పరిగెత్తి దుప్పట్లు లాగసాగారు.

"నాతోనే చెప్పింది, విన్నావా నెల్వా? అంతమందిలో నాతోనే చెప్పింది" అంటూ విల్మా దుప్పటి చెంగుతోనే కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం కెల్సీ ఫోన్ చేసింది. "మొత్తం చూశారా తాతయ్యా?"

"లేదు. మధ్యలో పోయింది."

"అయ్యో."

"అయ్యో ఏమిటి? పోతుందన్నావు, పోయింది. వానొచ్చినా మీ అమ్మమ్మ దుప్పటి ఒక్కటీ తడవలేదు." హార్లన్ గొంతు సవరించుకున్నాడు. "చాలా బాగా చెప్పావమ్మా. నాకు చాలా గర్వంగా ఉంది."

వంటింటి గుమ్మంలో విల్మా గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అతను ఫోన్ పెట్టేశాక, వేడివేడి బఠాణీ సూపు గిన్నె తెచ్చి అతని ముందు పెట్టి, ఎంతో ఆశగా ఎదురుగా కూర్చుంది.

హార్లన్ ఒక చెంచా తాగి, కాస్త ఆలోచించి, "తినొచ్చు" అన్నాడు.