పన్నీరు చెంబు పర్యటన

"అక్కా, ఈ లోకంలో బుర్రలు రెండే రకాలు," అని ముకుంద్ కల్యాణ మండపం మెట్ల మీద నిలబడి ప్రకటించాడు. "చూసే బుర్ర ఒకటి, పసిగట్టే బుర్ర ఒకటి. ఆ రెండో రకం రాజపాళయంలో ఒక్కటే ఉండాది. ఇప్పుడు నీ ఎదురుగానే ఉండాది."

వైష్ణవి తన ఎదురుగా ఉన్నదాన్ని చూసింది. నుదుటి మీద ఎండిపోయిన చందనం, చెవిలో బ్లూటూత్, చొక్కా జేబులో భూతద్దం. ఆ భూతద్దంతోనే వాళ్ల తాత పంచాంగం చదివేవాడు.

"బుర్ర ఉండనీరా. చెంబు ఏది?"

చిన్నాన్న కొడుకు కాబట్టి వాణ్ణి భరించడం ఆమెకు పుట్టుకతో వచ్చిన బాధ్యత. కాలేజీలో కూడా ఇద్దరిదీ ఒకటే క్లాసు కావడం మాత్రం ఆమె దురదృష్టం. టూరిజం, ట్రావెల్, ఈవెంట్ మేనేజ్‌మెంట్, చివరి సంవత్సరం. మిగతా క్లాసులవాళ్లు పరీక్ష కాగితం మీద రాస్తారు. వీళ్లు నిజమైన ఫంక్షన్ ఒకటి నడిపి చూపించాలి. సేత్తూరు సంతానలక్ష్మి కూతురు జీవితకు సీమంతం వచ్చింది. ఆ సీమంతం వైష్ణవి పరీక్ష అయింది.

పొద్దున అంతా చక్కగా జరిగిపోయింది. గాజులు తొడిగారు, పాటలు పాడారు, చిత్రాన్నాలు వడ్డించారు. మార్కులు వేయడానికి కాలేజీ నుంచి వచ్చిన నివేదిత మేడం కూడా తృప్తిగా తలూపి వెళ్లిపోయింది. సామాను సర్దేటప్పుడు చూస్తే, వచ్చినవాళ్ల మీద పన్నీరు చల్లిన వెండి చెంబు లేదు.

అది వాళ్ల అవ్వ జానకియమ్మాళ్ చెంబు. ఆమె పెళ్లికూతురుగా వచ్చిననాడు ఆమెతోపాటు వచ్చింది, ఆ తరువాత గడప దాటలేదు. వైష్ణవికి మదురైలో ఒక ఈవెంట్ కంపెనీ వాళ్లు శిక్షణకు రమ్మన్నారు. నాన్న "అవ్వను అడుగు" అని తప్పుకున్నాడు. అడిగితే, అవ్వ ఆ చెంబు తీసి చేతిలో పెట్టింది.

"దీపం పెట్టే వేళకు ఇది నా పూజగూట్లో ఉండవల్ల. దీన్ని బద్రంగా తిరిగి తెస్తే, నువ్వూ మదురైకి పోయి బద్రంగా తిరిగొస్తావని నమ్ముతా."

ఇప్పుడు పొద్దు వాలుతోంది.

"సంతానలక్ష్మత్తను ఒక మాట అడుగుతాం రా," అంది వైష్ణవి.

ముకుంద్ గుండె పట్టుకున్నాడు. "అక్కా! మేడం చెప్పిన మొదటి పాఠం ఏమి? మన కంగారు క్లయింటు కంట పడకూడదు. రేపు మేడం అత్తకు ఫోన్ చేసి, ఆమె మాట మీదే మార్కులు వేస్తుంది. నువ్వు పోయి వెండి దొంగలు వచ్చినారని చెప్తావా?"

అది మాత్రం నిజమే. వాడు ఏడాదికి ఒకసారి నిజం చెప్తాడు, అదీ ఇట్లాంటి సమయంలోనే చెప్తాడు.

"ఈ కేసుకు ఐటినరరీ తయారు," అని ముకుంద్ స్కూటర్ ఎక్కాడు. "మొదటి మజిలీ, బాడుగ పాత్రల కడ. రెండోది అజిత్ ఇల్లు. నడుమ టీ. అనుమానితులు చెప్పకుండా మారవచ్చు."

స్కూటర్ ముందు కొక్కేనికి మిగిలిన దండలు, చుట్టిన బ్యానరు, గుత్తిగా పసుపు తాంబూలం సంచులు వేలాడుతున్నాయి. ఫంక్షన్ నుంచి తిరిగొచ్చే బండి ఏదైనా అట్లాగే ఉంటుంది. వైష్ణవి ఒళ్లో కుంకుమ పళ్లాలు పెట్టుకుని వెనక కూర్చుంది.

పాత్రల అంగడిలో యజమాని అళగిరి అప్పుడే అన్నం ముందు కూర్చున్నాడు. ముకుంద్ గైడ్ గొంతు అందుకున్నాడు.

"మీ ఎడమవైపు కనిపించేవి బాడుగ అండాలు. వాటి నడుమ నింపాదిగా అన్నం తింటున్నట్టు నటిస్తున్నది అనుమానితుడు."

"ఏం తంబీ, మళ్లీ ఫంక్షనా?" అన్నాడు అళగిరి.

"మీకు పన్నీరు వాసన ఇష్టమా?"

"నాకు పొద్దటి సాంబారు వాసనే ఇంకా పోలేదు."

"తడుముకోకుండా జవాబు చెప్పినాడు. ముందే తయారు చేసుకున్నాడు," అని వైష్ణవి చెవిలో ఊది, ముకుంద్ అన్నిటికన్నా పెద్ద అండాలో తల పెట్టాడు. తల వెనకే నడుము కూడా పోయింది. "ఇక్కడ లేదూ..." అని అండా లోపలినుంచి గొంతు మోగింది. అళగిరి చెయ్యి కడుక్కుని వచ్చి కాళ్లు పట్టి బయటికి లాగాల్సి వచ్చింది.

బయట స్కూటర్ పక్కన నేల మీద తెల్లగా ఏదో రాలివుంది. చీమలు అప్పుడే చేరుకున్నాయి. ముకుంద్ భూతద్దం తీశాడు.

"చక్కెర! అక్కా, నేరస్తుడు తీపి మనిషి."

"లేదంటే ఎవరో చక్కెర ఒలకబోసినారు."

"చూసే బుర్ర," అని ముకుంద్ జాలిపడ్డాడు.

చోళపురంలో అజిత్ తన ఇంటి అరుగు మీద గాఢంగా నిద్రపోతున్నాడు. పొద్దున మండపం వాకిట్లో నిలబడి పన్నీరు చల్లింది వాడే. ముకుంద్ మెల్లగా వంగి వాడి చెయ్యి వాసన చూసి, ఎగిరి గంతేశాడు.

"పన్నీరు! దొరికినావు!"

"ఊరంతటికీ చల్లింది నేనే కదరా పిచ్చోడా!" అని అజిత్ లేచి కూర్చున్నాడు. "తినడానికి పోయేటప్పుడు బల్ల మీద పెట్టి పోయినా. ఆ పైన నాకు తెలీదు. నన్ను పండుకోనీ."

తిరిగి బండి దగ్గరికి వస్తే, అక్కడా చక్కెర. అక్కడా చీమలు.

ముకుంద్ ముఖం తెల్లబోయింది. "మనం ఎక్కడికి పోతే అక్కడికి మనకన్నా ముందే వచ్చి పోతున్నాడు! మన ఐటినరరీ వాడి చేతికి చిక్కింది!"

నిజం చెప్పాలంటే, ఈసారి వైష్ణవి కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. టీకడ ముందు కూడా చక్కెర కనబడేసరికి ముకుంద్ టీమాస్టర్ చొక్కా పట్టుకోబోయాడు.

"టీకడలో చక్కెర కాక ఏముంటాది, సిమెంటా?" అన్నాడు టీమాస్టర్.

ఇక పోవడానికి ఇల్లు తప్ప మరో చోటు లేదు. దారి పొడుగునా వైష్ణవి అవ్వకు ఎట్లా చెప్పాలా అని మాటలు పేర్చుకుంది. ఏ మాట మొదలుపెట్టినా చివర్లో మదురై కూలిపోతోంది.

అవ్వ వాకిట్లోనే నిలబడి ఉంది. చేతిలో అగ్గిపెట్టె.

"దీపానికి వేళయింది. చెంబు ఏదే?"

"అవ్వా, అది... నేను..."

"కదలకండి ఎవరూ!" అని ముకుంద్ అరిచాడు. బండి పక్కన, అవ్వ వేసిన ముగ్గు మీద, తెల్లగా పలుకులు. "వాడు ఇక్కడికీ వచ్చినాడు! లేదా..." అని అవ్వ వైపు కన్ను చిన్నది చేసి చూశాడు. "అవ్వా, మధ్యాహ్నం మీరు ఎక్కడ ఉండినారు?"

"మీ తాత కూడా నన్ను ఆ మాట అడగలేదురా," అంది అవ్వ.

ముకుంద్ అప్పటికే మోకాళ్ల మీద ఉన్నాడు. భూతద్దం కంటికి ఆనించి చీమల బారు వెంట పాకాడు. బారు ముగ్గు దాటింది, స్కూటర్ చక్రం ఎక్కింది, ఇంకా పైకి పోయింది. దాంతోపాటు ముకుంద్ తల కూడా వేగంగా పైకి లేచి, పసుపు సంచుల గుత్తికి కొట్టుకుంది.

ణంగ్!

"వెండి," అంది అవ్వ వెంటనే. "నా చెంబు."

వైష్ణవి సంచులు ఒక్కొక్కటే విప్పింది. మొదటిదాంట్లో కొబ్బరికాయ, తమలపాకులు. రెండోదాంట్లోనూ అంతే. మూల చిరిగిన మూడో సంచిలో, మూత వదులైన పన్నీరు చెంబు. చెంబు నిండా చీమలు, అడుగున కాసింత చక్కెర.

ముకుంద్ నుదురు రుద్దుకుంటూ లేచాడు. "నన్ను ఇరికించడానికి నా బండిలోనే దాచినాడు! ఎంత తెలివి!"

అప్పుడే అవ్వ ఫోన్ మోగింది. ఫోన్లో మాట సరిగా వినపడదని ఆమె ఎప్పుడూ స్పీకర్ పెడుతుంది. సంతానలక్ష్మి గొంతు వాకిలంతా వినిపించింది.

"పెద్దమ్మా, చెంబు వచ్చి చేరిందా? ఉత్త చెంబు తిరిగి పంపకూడదు కదా, చక్కెర నింపి ముకుంద్ బండికి తగిలించి, వాడికి చెప్పి పంపినా. సరే అని బొటనవేలు చూపించినాడు. మీ పిల్ల ఫంక్షన్ ఎంత బాగా చేసిందో! ఒక్క ముఖంలో కూడా కంగారు లేదు."

వైష్ణవి మెల్లగా చెయ్యి చాచి, తమ్ముడి చెవిలోంచి బ్లూటూత్ పీకింది. పొద్దున్నుంచి అవతల ఎవరూ లేకపోయినా వాడు దాంట్లో "కాపీ, కాపీ" అంటూ, ఎవరేం చెప్పినా బొటనవేలు ఎత్తుతూనే ఉన్నాడు.

ముకుంద్ తన బొటనవేలిని చూసుకుని జేబులో దాచుకున్నాడు. "ఎట్లయినా చెంబును పట్టింది నా బుర్రే కదా," అన్నాడు. అది ఎవరూ కాదనలేకపోయారు. నుదుటి మీద రుజువు బొప్పి కట్టింది.

అవ్వ చీమలను విదిలించి, చక్కెరను గిన్నెలోకి వంచి, చెంబును కొంగుతో తుడిచి పూజగూట్లో పెట్టింది. దీపం వెలిగించింది.

"మర్యాదగా పోయింది, మర్యాదగా వచ్చింది," అంది. "మదురైకి పోయిరావే. వచ్చేటప్పుడు నువ్వు కూడా ఉత్త చేతులతో రావద్దు."

వైష్ణవి వంగి అవ్వ కాళ్లకు దండం పెట్టింది.

ఆ చక్కెరతోనే అవ్వ అందరికీ కాఫీ కలిపింది. ముకుంద్ ఒక గుక్క తాగి, లోటా దించి, ముక్కు ఎగబీల్చాడు. చెయ్యి దానంతట అదే భూతద్దం మీదికి పోయింది.

"అవ్వా, కదలకండి. ఈ కాఫీలో ఎవరో ఏదో కలిపినారు. పువ్వుల వాసన!"

"ఆమాంరా, కలిపింది నేనే," అంది అవ్వ. "ఊరంతా చల్లి, నువ్వు మాకు మిగిల్చిన పన్నీరు చక్కెరే. తాగు."