వింటేజ్ వసంతంలో ఒక కత్తెర హత్య

ఆదివారం ఉదయం పదకొండు గంటల ఆరు నిమిషాలకి మా ఇంట్లో హత్య జరిగినట్టు బయటపడింది.

చనిపోయింది మా అమ్మ కత్తెర. వయసు నలభై ఏళ్లు. పొడవు పది అంగుళాలు. నల్ల పిడి, ఉక్కు ఒళ్లు. ఫ్లానెల్ గుడ్డలో చుట్టి, మిషన్ సొరుగులో పడుకోబెట్టిన చోటే ఉంది. కానీ అంచు మధ్యలో బియ్యపు గింజంత గంటు!

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అని అమ్మ హాల్లోకి వచ్చి నిలబడింది. "గట్టిదాన్నేదో కోశారు. ఇనుమో, తీగో. సిల్కు మీద ఒక్క కోత వేశాను, పోగు లాగేసింది."

పాఠకులారా, ఈ దుర్ఘటన విని మీరు తొందరపడి ఒక అభిప్రాయానికి వచ్చేయొద్దు. వసంతం రాగానే ఇంటిని పాతకాలానికి తిప్పేయడం మహాభాగ్యం. చేతిపనులు, కాక్‌టెయిల్స్, పాత సినిమాలు, ఇంటివంట! ఇంతకన్నా మనిషికేం కావాలి? ఒక కత్తెర పోతే పోయింది. మహోద్యమాల్లో ప్రాణనష్టం మామూలే కదా!

మా ఇంట్లో ఈ ఉద్యమానికి నాయకురాలు అక్క. వారమంతా కంటి ఆసుపత్రిలో రిసెప్షన్ చూసుకుంటుంది. చెట్లు చిగురు వేసి, కిటికీలు తెరిచే రోజులు రాగానే మనిషి మారిపోయింది. "ఇక ఆదివారాలు మనింట్లో అంతా వింటేజే" అని ప్రకటించింది. ఆ మాట అన్నప్పటి నుంచి మా ఫ్లాట్‌లో కొత్త వస్తువేదీ కనిపించకూడదు. ఫ్రిజ్ మీద దుప్పటి కప్పారు. టీవీ ముందు వెదురు తెర పెట్టారు. బల్బులు పాతకాలం నాటివిగా కనిపించేవి కొత్తగా కొన్నారు.

ఎంత లాభమో చూడండి. జనపనార తాళ్లతో అక్క అల్లిన ఉట్టిలాంటి వస్తువొకటి తలుపుకి అడ్డంగా వేలాడుతుంది. దాని పని ఏమిటో ఎవరికీ తెలియదు. అదే దాని గొప్పతనం! రోజూ దానికి తల తగలడం వల్ల మా బావకి వంగి నడవడం వచ్చింది. ముప్పై ఏళ్ల సంసారం నేర్పలేనిది తాడు నేర్పింది.

బావ ఇన్సూరెన్స్ సర్వేయర్. నుజ్జయిపోయిన కార్ల ఫోటోలు తీయడం ఆయన ఉద్యోగం. ఆ అనుభవంతో కాక్‌టెయిల్స్ బాధ్యత తీసుకున్నాడు. జాడీల్లో, జామ్ సీసాల్లో, ఒకసారి పూలకుండీలో కూడా కలిపాడు. ఒక్కో గ్లాసుకి నారింజ తొక్క మెలిక, పుదీనా ఆకు, ఆపైన ఇరవై ఫోటోలు. గ్లాసు మన చేతికొచ్చేసరికి ఐసు కరిగి, పుదీనా వాడి, దాహం దానంతటదే తీరిపోతుంది. ఆరోగ్యానికి ఇంతకన్నా మంచి పానీయం ఉందా?

ఇంటివంట శాఖ ఎదురు ఫ్లాట్ బ్యాంకాయనది. రిటైరయ్యాక బ్రెడ్డు మొదలుపెట్టాడు. పిండి పులియబెట్టిన సీసాని చంటిబిడ్డలా చంకనేసుకుని వస్తాడు. శుక్రవారం మొదలుపెడితే ఆదివారం సాయంత్రానికి ఒక్క బ్రెడ్డు. పళ్లు గట్టిగా ఉన్నవాళ్లు తినవచ్చు, మిగతావాళ్లు వాసన చూడవచ్చు. అందరికీ సమానంగా అందే ఆహారం!

ఇక పాత సినిమాలు నావి. గోడ మీద తెల్ల దుప్పటి, ప్రొజెక్టర్, బ్లాక్ అండ్ వైట్ డిటెక్టివ్ సినిమా. ఆరింటికి ఆట. దీనికోసం ముప్పై టికెట్లు నేనే స్వయంగా తయారుచేశాను. ఆఫీసులో పారేసిన గులాబీ రంగు ఫైలు అట్ట తెచ్చి, గళ్లు గీసి, నంబర్లు వేసి, వరసగా ఒకటి నుంచి ముప్పై దాకా. చూసేది ఆరుగురం. ఎనిమిది టికెట్లు అలంకారంగా తలుపుకి అంటించాను. పాత థియేటర్ వాతావరణం వచ్చిందా లేదా?

మరి అమ్మ ఏ శాఖ అంటారా? అమ్మ ఏ శాఖా కాదు. అమ్మ ముప్పై ఎనిమిదేళ్లు టైలరింగ్ షాపు నడిపింది. అంటే చేతిపని చేసింది. రోజూ మూడు పూటలా వండింది. అంటే ఇంటివంట చేసింది. కానీ అదంతా పని కిందికి వస్తుంది, వింటేజ్ కిందికి రాదు. తేడా గమనించాలి.

అసలు తగాదా అమ్మ కుట్టుమిషన్ దగ్గర మొదలైంది. ఇనప కాళ్లు, చెక్క బల్ల, తొక్కుడు మిషను. పోయినేడాది అమ్మకి కళ్ల ఆపరేషన్ అయ్యాక షాపు మూసి, మిషన్ని ఇంటికి తెచ్చుకుంది. ఆ ఇనప కాళ్లు చూసినప్పటి నుంచి అక్కకి నిద్ర లేదు.

"అమ్మా, మిషన్ తల తీసేసి పైన గాజు పలక వేస్తే బ్రహ్మాండమైన బార్ టేబులు. ఫోటోల్లో ఎంత బావుంటుందో తెలుసా?"

"తల తీసేస్తే నేను కుట్టేదెట్లాగే?"

"ఇంకా ఏం కుడతావమ్మా? విశ్రాంతి తీసుకో."

అక్క మాటలో న్యాయముంది. పని చేసినన్నాళ్లూ అది పాత సామాను. తల తెగి, పని ఆగిపోతే వింటేజ్! ఒక వస్తువుకి ఇంతకన్నా పదోన్నతి ఏముంటుంది?

అమ్మ మాత్రం ఒక షరతు పెట్టింది. కింది ఫ్లాట్ వయొలిన్ టీచరమ్మ ముప్పై ఏళ్లుగా పెట్టెలో దాచుకున్న నీలం సిల్కు తెచ్చి, సోమవారం కచేరీకి గౌను కుట్టిపెట్టమని అడిగింది. అలాంటి సిల్కు మళ్లీ దొరకదు. "ఈ ఒక్క గౌను కుట్టనివ్వండి. ఆదివారం సాయంత్రం ఐదింటికి ఆవిడ వేసుకుని చూస్తుంది. కుదరలేదో, మిషన్ తల మీ చేతులతోనే తీసేసుకోండి. నేను నోరెత్తను" అంది అమ్మ.

బావకి ఆ గౌను మీద అంత నమ్మకం లేదు కాబట్టి శనివారమే టేపు పెట్టి బల్ల కొలిచి, 'ట్రయల్' అంటూ నాలుగు సీసాలు దాని మీద సర్దేశాడు.

అదీ సంగతి. ఐదింటికి గౌను కావాలి. పదకొండింటికి కత్తెర చచ్చింది.

మా ఇంట్లో ఆ కత్తెరకున్న చరిత్ర మీకు చెప్పాలి. అది బట్ట కత్తెర. బట్ట తప్ప ఇంకేం కోసినా పదును పోతుంది. చిన్నప్పుడు మేం పరీక్ష తప్పితే అమ్మ అన్నం పెట్టేది. కత్తెరతో కాగితం కోస్తే పెట్టేది కాదు. ఏడేళ్లప్పుడు నేను దానితో గాలిపటం కాగితం కోశాను. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. "పండుగారూ, ఇలా రండి" అంది. నలభై ఆరేళ్లొచ్చినా అమ్మకి నేను పండునే. గారు తగిలించింది మాత్రం జీవితంలో ఆ ఒక్కసారే. ఆ పిలుపు గుర్తొస్తే ఇప్పటికీ నాకు వీపు జలదరిస్తుంది.

అందుకే దర్యాప్తు బాధ్యత నేనే తీసుకున్నాను. ఎవరూ అడగలేదు.

మొదటి అనుమానితురాలు అక్క. ఆమె కాగితం పూలకి కాడలు ఇనప తీగలు. ఉద్దేశం ఉంది, అవకాశం ఉంది.

"నీ మొహం! నా తీగలకి నేను మీ బావ పట్టకారు వాడతాను. ఏం, నేను పెరిగింది ఈ ఇంట్లో కాదా? ఆ కత్తెర వైపు చూస్తేనే నాకు ఆకలి చచ్చిపోతుంది."

రెండో అనుమానితుడు బావ. సీసాల మూతలకి తీగ చుట్టలుంటాయి. నిన్న సాయంత్రం ఆయన మిషన్ దగ్గరే తచ్చాడాడని సాక్ష్యం. సాక్షిని నేనే.

"కొలతలు తీసుకున్నానయ్యా! తీగని పళ్లతో తీశాను. కావాలంటే చూడు, ఈ పన్ను కొంచెం కదుల్తోంది" అని బావ నోరు తెరిచాడు. సాక్ష్యం బలంగానే ఉంది.

మూడో అనుమానితుడు బ్యాంకాయన. ఆయన బ్రెడ్డు కోయాలంటే కత్తెరేం ఖర్మ, రంపమే కావాలి! ఇంతకుముందు మా ఇంటి చాకు పిడి విరిగింది ఆ బ్రెడ్డు దగ్గరే. నేను ఆయన్ని నిలదీశాను.

"బాబూ, నిన్నంతా నేను పిండి పక్కనే కూర్చున్నాను. రాత్రి దానికి పొంగు రాలేదు. నా బాధ నాది" అని కళ్లొత్తుకున్నాడు.

ఎవరూ ఒప్పుకోలేదు. నేను మాత్రం పట్టు వదలకుండా ముగ్గురి మీదా సమానంగా అనుమానం వ్యక్తం చేస్తూనే ఉన్నాను. దర్యాప్తు అధికారి ఎంత చురుగ్గా ఉంటే ఇంటికి అంత భద్రత!

ఈలోగా అమ్మ ఏం చేసిందనుకున్నారు? బాల్కనీలో పీట వేసుకుని, సానరాయి మీద నూనె చుక్క వేసి, కత్తెర మర విప్పి నూరడం మొదలుపెట్టింది. సర్... సర్... సర్. రెండు గంటలు! అక్క పాత రికార్డు పెట్టుకుంటే ఈ చప్పుడు అడ్డం. బావ ఫోటోల్లో సానరాయి అడ్డం. "అత్తయ్యా, కాస్త పక్కకి జరుగుతారా, ఫ్రేములోకి వస్తున్నారు" అన్నాడు బావ. అమ్మ జరిగింది. చేతిపనుల పండగకి చేతిపని అడ్డం రాకూడదు కదా!

మధ్యలో నేను వెళ్లి, "అమ్మా, ఎవరో తేల్చేదాకా నిద్రపోను" అని ధైర్యం చెప్పాను.

అమ్మ వేలితో అంచు తడిమి చూసింది. "దేన్ని కోసినా కోసిన గుర్తు కోసినదాని మీద ఉంటుందిలే పండూ" అంది. ఆ మాట నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఒంటిగంట దాటాక అమ్మ సిల్కు పరిచింది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. లాగిన పోగు కుట్టు లోపలికి పోయేలా సుద్దగీత అర అంగుళం జరిపింది. ఊపిరి బిగబట్టి ఒక్క కోత. సిల్కు నీళ్లలా విడిపోయింది. తర్వాత మిషన్ దగ్గరికెళ్లి బావ సీసాల్ని ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టింది. బావ గుండె కూడా వాటితోపాటే నేల మీదికి దిగింది. మూడు గంటలపాటు మిషన్ ఆగలేదు.

ఐదింటికి టీచరమ్మ వచ్చింది. గౌను వేసుకుని అద్దం ముందు చేతులు పైకెత్తి వయొలిన్ వాయిస్తున్నట్టు ఊపింది. భుజం దగ్గర పట్టలేదు. నడుం దగ్గర వదులు లేదు. ఆవిడ అమ్మ రెండు చేతులూ పట్టుకుని అలాగే నిలబడింది.

అక్క తలుపు వైపు తిరిగి తాడు సవరించుకుంది. బావ నేల మీద సీసాలు లెక్కపెట్టుకున్నాడు. మిషన్ తల మిషన్ మీదే ఉండిపోయింది.

ఇక సినిమా. అమ్మ తనంతట తానే, "టికెట్లు నేను చింపుతాను. పాత థియేటర్‌లో గేట్‌కీపర్ ఉండాలి కదా" అంది. నా ఆనందం చెప్పలేను! చివరికి అమ్మలో కూడా వింటేజ్ స్ఫూర్తి మేలుకుంది. బావకి తొమ్మిది, అక్కకి పది, బ్యాంకాయనకి పదకొండు, టీచరమ్మకి పన్నెండు, అమ్మకి పదమూడు, నాకు పధ్నాలుగు. అమ్మ ఒక్కటి కూడా చింపలేదు. ఒక్కో టికెట్టు అంచు బొటనవేలితో నిమిరి దగ్గర పెట్టుకుంది. తలుపుకి అంటించిన ఎనిమిదింటినీ కూడా నిమిరింది. ఎంత ముచ్చట!

గంటన్నర గడిచింది. దుప్పటి మీద డిటెక్టివ్ అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టాడు. సిగరెట్టు ఆర్పాడు. వేలు పైకెత్తాడు.

టప్‌మని ట్యూబ్‌లైట్ వెలిగింది. దుప్పటి తెల్లబోయింది. స్విచ్ దగ్గర అమ్మ నిలబడి ఉంది, చేతిలో గులాబీ అట్టముక్కలతో.

"పదకొండు దాకా చూడండి, వెన్న కోసినట్టు నున్నగా ఉన్నాయి. పన్నెండులో ఇదిగో, తుప్పు మరక. లోపల తెగిన స్టేప్లర్ పిన్ను ముక్క ఇంకా ఉంది. పదమూడు, పధ్నాలుగు... సరిగ్గా ఇదే చోట పీచు లేచింది. నా కత్తెర గంటు కూడా అంచు మీద సరిగ్గా ఇంతే దూరంలో ఉంది."

బ్యాంకాయన కళ్లజోడు పెట్టుకున్నాడు. బావ కదిలే పన్నుని నాలుకతో తడుముకుంటూ నా వైపు తిరిగాడు. అక్క మొహంలో నలభై ఏళ్ల కిందటి సంతోషం కనిపించింది.

పాఠకులారా, వింటేజ్‌లో ఉన్న ఒకే ఒక్క లోపం ఇప్పుడు ఒప్పుకుంటాను. పాత వస్తువుల్ని గోడకి వేలాడదీయొచ్చు, సీసాలు పెట్టుకోవచ్చు, ఫోటోలు తీసుకోవచ్చు. అవేమీ అనవు. వాటితో ఇంకా పని చేసుకునే మనిషి ఇంట్లో ఉంటేనే ప్రమాదం. అట్టముక్కేగా, ఎవరికి తెలుస్తుందిలే, తుడిచి మళ్లీ ఫ్లానెల్లో చుట్టేస్తే సరిపోతుందిలే అనుకోవడానికి ఉండదు.

అమ్మ టికెట్లు దొంతరగా పేర్చి, మిషన్ బల్ల మీద పెట్టింది. చాలా మెత్తగా, చాలా మర్యాదగా పిలిచింది.

"పండుగారూ! ఇలా రండి."