స్పానర్ వాళ్లమ్మ

ఆ ఉదయం స్పానర్ వేసుకున్న పథకం చాలా చిన్నది: ఒక్క పూటకి ఒక అమ్మను అరువు తెచ్చుకోవడం.

యువజన కేంద్రంలో బైకు రిపేరు నేర్చుకుంటున్న పిల్ల ఆమె. ఎంత మొండి బోల్టయినా విప్పేస్తుందని ఆ పేరు. పెరిగింది అనాథాశ్రమంలో. ఆ సంగతి చెప్పడానికి నోరు రాక, బ్యాచి గ్రూపులో మొదటి రోజే "మా అమ్మ నర్సు" అని పెట్టేసింది. ఆపైన హాస్టలు మెస్సులో పెట్టిన అన్నానికి ఫోటో తీసి "అమ్మ చేతి వంట" అంది. ఇవాళ కేంద్రానికి పెద్దవాళ్లను తీసుకురమ్మన్నారు. గుట్టు బయటపడితే గ్రూపులో స్నేహితులు మొహం చూడరని ఆమె భయం. లోకంలో ఆమెకున్నది వాళ్లే.

ముందు మెస్సు వంటామెను అడిగింది. "పొయ్యి వదిలి ఎలా వస్తానే తల్లీ?" అందామె. దర్జీ ఆంటీని అడిగితే "చూస్తాలే" అంది. చూస్తాలే అంటే రానని అర్థం కదా అని వెళ్లి బస్సు కండక్టరమ్మను కాళ్లావేళ్లా పడి బతిమాలింది. తెల్లకోటు మాత్రం తప్పనిసరి అని ముగ్గురికీ చెప్పింది.

కాదనడానికి మనసొప్పలేదు కాబోలు, తీరా వేళకి ముగ్గురూ దిగారు. ముగ్గురూ తెల్లకోట్లలోనే.

"ఒరేయ్, ఇంజెక్షన్లురా!" అని గుమ్మం దగ్గర ఎవరో అరిచారు. అంతే, సగం బ్యాచి వెనక గోడ దూకేసింది. ఒకడు విప్పి పెట్టిన ఇంజను మీద పడ్డాడు. నట్లన్నీ నేల మీద దొర్లాయి. మాస్టారు మాత్రం పారిపోలేక, చొక్కా చెయ్యి పైకి మడిచి, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడ్డారు.

"సూది కాదండీ. నేను స్పానర్ వాళ్లమ్మని," అంది వంటామె.

"అదేంటి, వాళ్లమ్మని నేను కదా!" అంది దర్జీ ఆంటీ.

"ఇద్దరూ ముందుకి జరగండి, జరగండి. దాని తల్లిని నేను," అంది కండక్టరమ్మ అలవాటు కొద్దీ.

మాస్టారు ఒక కన్ను తెరిచారు. "వీళ్లలో మీ అమ్మ ఎవరమ్మా?"

"ఎవరూ కాదు సార్. నాకు అమ్మ లేదు. గ్రూపులో పెట్టిందంతా కట్టుకథే," అని స్పానర్ భోరుమంది.

ఎవరూ నవ్వలేదు. గోడ మీంచి ఒక తల లేచింది. "మా నాన్న కారు" అంటూ రోజూ గ్రూపులో ఫోటోలు పెట్టే కుర్రాడు.

"స్పానర్, ఆ ముగ్గురిలో ఒకర్ని నాకిస్తావా? నాకూ ఎవరూ లేరు. ఆ కారు పక్కవీధి డాక్టరుది."

"మరి నాకో?" అంటూ అతని పక్కన ఇంకో తల లేచింది.

"ముందు గోడ దిగండ్రా, కాళ్లు విరుగుతాయి!" అని వంటామె కళ్లు తుడుచుకుంటూనే కసిరింది. ఇద్దరూ బుద్ధిగా దిగారు. ఇన్నాళ్లూ పక్కపక్కనే కూర్చుని ఒకే సంగతి దాచుకున్నామని తెలిసి స్పానర్‌కు ఏడుపులోనే నవ్వొచ్చింది.

మర్నాడు ముగ్గురమ్మలూ గ్రూపులో చేరారు. అప్పటినుంచి అందులో ఎవరికీ అబద్ధాలాడే తీరిక చిక్కలేదు. తిన్నారా లేదా అన్నదానికి జవాబు చెప్పుకోవడంతోనే సరిపోతోంది.