పదకొండు జతల ఎర్ర గ్లౌజులు

"ఈ దేశంలో కప్పులేని కారు విలువ తెలిసిన బుర్రలు మొత్తం పదకొండే ఉన్నాయి. ఆ పదకొండూ దైవవశాత్తూ మన బరంపురంలోనే ఉన్నాయి" అని స్పోర్ట్స్ కారు అభిమానుల సంఘం ఏడో వార్షికోత్సవంలో అధ్యక్షుడు గౌరీశంకర్ ప్రకటించాడు. మిగిలిన పది బుర్రలూ గంభీరంగా ఊగాయి.

ఆ పదకొండింటిలో ఒక్క బుర్రకూ కారు లేదు. ఈ చిన్న సంగతిని సంఘం ఏనాడూ పెద్దది చేయలేదు. పాట విని ఆనందించడానికి ఇంట్లో వీణ ఉండాలా అని కార్యదర్శి జానకీరామయ్య మాస్టారు అడిగేవారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఏ కారు ఎన్ని సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుందో దశాంశాలతో సహా చెప్పి, సిటీ బస్సెక్కి ఇంటికి పోయేవారు. సోనేపూర్ నుంచి వచ్చే రాజాకు మాత్రం చేపల వ్యాను ఉంది. అది సంఘం గౌరవానికి భంగం కనక, మీటింగు రోజున దాన్ని రెండు వీధుల అవతల ఆపాలని తీర్మానించారు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని ఆపాలని తర్వాత ఒక సవరణ కూడా చేశారు.

సంఘానికి ఒక చిహ్నం ఉంది: రెక్కలున్న చక్రం. ఆ చక్రం మణికట్టు దగ్గర కుట్టిన ఎర్ర తోలు గ్లౌజులు సభ్యులందరికీ ఒక్కో జత ఉన్నాయి. స్టీరింగు మీద పట్టు జారకుండా ఉండాలంటే తోలే ఉండాలట. మే నెల ఎండలో ఊరంతా విసనకర్రలతో విసురుకుంటుంటే, గౌరీశంకర్ ఆ గ్లౌజులు తొడుక్కుని, ఇరవై దాటని వేగంతో, స్కూటరు మీద ఆఫీసుకు వెళ్లేవాడు. తమ హెడ్ క్లర్కు గారి చేతులకు ఏదో జబ్బు చేసిందని ఆఫీసులో అనుకునేవారు.

నాలుగేళ్లుగా సంఘం ఎదురుచూస్తున్నది 'తరాంగో' అనే కారు కోసం. విదేశీ కంపెనీది. రెండే సీట్లు, కప్పు లేదు. అది మన దేశానికి వస్తున్నానంటుంది, ఇంతలో నిబంధనలు మారతాయి. మొదటి ఏడాది పొగ ఎక్కువన్నారు. పొగ తగ్గించుకుని వస్తే చప్పుడు ఎక్కువన్నారు. చప్పుడు తగ్గించుకుంటే దీపాలు నేలకు మరీ దగ్గరగా ఉన్నాయన్నారు. ప్రతిసారీ గౌరీశంకర్ బల్ల గుద్ది ప్రభుత్వాన్ని ఖండించేవాడు. ప్రతిసారీ ఇంటికొచ్చి రెండు వాయిలు ఎక్కువ తినేవాడు.

"కారు రాలేదని అక్కడ ఏడ్సి వచ్చినారు. ఇక్కడేమో ఇంకో నాలుగు గారెలెయ్యమంటున్నారు. ఏటండీ ఇది?" అని భార్య నాగవల్లి అడిగేది.

అడగడమే గానీ ఆమెకు సంగతి తెలుసు. పాతికేళ్ల కిందట, కొత్తగా పెళ్లయిన రోజుల్లో, బావమరిది కారు నేర్పుతానని గౌరీశంకర్‌ని గోపాల్‌పూర్ రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. కారు నేరుగా మొగలిపొదలోకి వెళ్లింది. గంజాం జిల్లా మొగలిపూల వాసన దేశదేశాలకూ పోతుంది నిజమే, కానీ మొగలి ముళ్లు ఎక్కడికీ పోవు, ఉన్నచోటే ఉంటాయి. ఆయన ఒంట్లోంచి అవి తీయడానికి ముగ్గురు మనుషులకు ఒక పూట పట్టింది. ఆనాటి నుంచి స్టీరింగు ముందు కూర్చుంటే గౌరీశంకర్ మోకాళ్లు వాటంతటవే కొట్టుకుంటాయి. కారు లైసెన్సు అనే కాగితం ఆయన ఇంట్లోకి రానేలేదు. స్పోర్ట్స్ కారు అభిమానుల సంఘం అధ్యక్షుడికి కారు నడపడం రాదన్న విషయం నాగవల్లికీ, బావమరిదికీ, ఆ మొగలిపొదకీ తప్ప నాలుగోవారికి తెలియదు.

ఇలా అందరూ సుఖంగా ఎదురుచూస్తూ ఉండగా పిడుగు పడింది. ప్రభుత్వం నిబంధనలు సడలిస్తున్నట్టు ముసాయిదా వచ్చింది. వెనకాలే భువనేశ్వర్ డీలరు నుంచి ఉత్తరం. ముసాయిదా ఖరారైన మర్నాడే తరాంగో విడుదలట. తమ కోసం నాలుగేళ్లు తపస్సు చేసిన సంఘాన్ని కంపెనీ మరిచిపోలేదట. కనక మొట్టమొదటి కారును బరంపురం తెస్తారట. అధ్యక్షుల వారు స్వయంగా నడుపుతూ, కొత్త బస్టాండు నుంచి గోపాల్‌పూర్ దాకా ఊరేగాలట. ఫొటోగ్రాఫర్లు వస్తారట.

మాస్టారు ఉత్తరం చదవడం పూర్తి చేసేసరికి గది దద్దరిల్లిపోయేలా చప్పట్లు మోగాయి. గౌరీశంకర్ కూడా కొట్టాడు. ఏడేళ్లుగా కూడబెట్టుకున్న పరువంతా, ఊరి జనం ముందు, అదే గోపాల్‌పూర్ రోడ్డులో, బహుశా అదే పొదలో పోబోతోంది. ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది. ఆనందబాష్పాలనుకుని రాజా వీపు నిమిరాడు.

ముసాయిదా ఖరారు కావాలని సంఘం మొత్తం ఠాకురాణి అమ్మవారి గుడికి వెళ్లి పదకొండు కొబ్బరికాయలు కొట్టింది. తిరిగి వస్తుంటే మాస్టారు గొడుగు మరిచిపోయానని వెనక్కి వెళ్లొచ్చారు. రాజా చెప్పులు మారిపోయాయని వెళ్లాడు. ఇంకొకాయన పొడుం డబ్బీ వెతుక్కోవడానికి వెళ్లాడు. అందరూ పనులు చూసుకుని వచ్చాక గౌరీశంకర్ కళ్లజోడు మరిచిపోయానని చెప్పి, కళ్లజోడు పెట్టుకునే, గుడిలోకి పరిగెత్తాడు.

"అమ్మా, ఇందాక అడిగింది సంఘం తరఫున. దాన్ని పట్టించుకోకు," అన్నాడు చేతులు జోడించి. "ఆ కారు రాకుండా సూడు తల్లీ. జాతరకి పులేసం కట్టి నీ ముందు ఆడతాను."

బరంపురంలో ఠాకురాణి జాతర రెండేళ్లకోసారి వస్తుంది. మొక్కు తీరినవాళ్లు ఏదో ఒక వేషం కట్టి వీధుల్లో తిరిగి అమ్మవారి దర్శనం చేసుకోవాలి. కలెక్టరైనా కూలివాడైనా వేషం కట్టాల్సిందే. మొక్కు ఏమిటో ఎవరూ అడగరు. ఆ ఒక్క ధైర్యంతోనే గౌరీశంకర్ మొక్కుకున్నాడు.

అమ్మవారు ఆలస్యం చేయలేదు. మూడు వారాల్లో ముసాయిదా తలకిందులైంది. కప్పులేని వాహనం బోల్తా పడితే లోపలి తలలు ఏమవుతాయో తేల్చడానికి నిపుణుల కమిటీ వేశారు. కమిటీ గడువు రెండేళ్లు, అవసరమైతే ఇంకో రెండేళ్లు. అంతదాకా తరాంగో రాదు.

సంఘం సంతాప సభ జరిపింది. గ్లౌజులకు నల్ల రిబ్బన్లు కట్టుకున్నారు. గాలి పీల్చుకునే హక్కును ప్రభుత్వం కాలరాసిందని గౌరీశంకర్ గంటసేపు గర్జించాడు. మాస్టారు గ్లౌజుతో కళ్లు తుడుచుకున్నారు, తోలు కనక కన్నీళ్లు జారి చొక్కా మీద పడ్డాయి. రెండు నిమిషాల మౌనం తర్వాత బజ్జీలు తెప్పించారు. ఎందుకో ఆ రోజు మూడుసార్లు తెప్పించాల్సి వచ్చింది.

జాతర వచ్చింది. ఆ ఆదివారం మీటింగుకు రాలేనని, కొడల అనే ఊళ్లో బంధువుల పెళ్లి ఉందని గౌరీశంకర్ కబురు పెట్టాడు. చిత్రంగా మాస్టారికీ ఆ రోజే పన్ను నొప్పి వచ్చింది. రాజాకు వలల పని పడింది. కోరం లేక మీటింగే రద్దయింది. అమ్మవారు దారిలో ముళ్లన్నీ ఏరేస్తోందని గౌరీశంకర్ దణ్ణం పెట్టుకున్నాడు.

ఒళ్లంతా పసుపు రంగు, నల్ల చారలు, నడుముకి గుడ్డతోక. పంజాలు మాత్రం దొరకలేదు. అటక మీద పెట్టిన ఎర్ర గ్లౌజులు దింపి, వేళ్లకు అట్టముక్కల గోళ్లు అతికించి, రెక్కల చక్రం మీద రంగు పులిమాడు. సాయంత్రం నాగవల్లి మంచినీళ్ల సీసా పట్టుకుని వెంట నడవగా, పులి తాసా వాయిద్యాలకు గంతులేసుకుంటూ అమ్మవారి పందిరి ముందు వరుసలో చేరింది.

ముందు నిలబడ్డ హనుమంతుడు కళ్లజోడు సవరించుకున్నాడు. సవరించుకున్న చెయ్యి ఎర్రగా ఉంది. చెమటకి రంగు కరిగి మణికట్టు దగ్గర ఏదో రెక్క బయటపడింది.

"మాస్టారూ," అంది పులి, ఆపుకోలేక. "పన్ను నొప్పన్నారు?"

హనుమంతుడు వెనక్కి తిరిగి పులి పంజాల కేసి చూశాడు. "పెళ్లి కొడలలో కదా," అన్నాడు మెల్లగా.

వాళ్ల ముందున్న కాళి తల తిప్పింది. బొజ్జ మీద పుర్రెల దండ ఊగుతోంది. రక్తసిక్తమైన చేతుల కోసం కాళి కూడా ఎర్ర గ్లౌజులే తొడిగింది. ఆ వెంట వచ్చిన చేపల వాసనను నాగవల్లి వెంటనే గుర్తుపట్టింది.

"రాజా, నువ్వు ఏటి మొక్కినావు?" అని అడిగేసింది. అడగకూడదని ఆమెకు గుర్తే లేదు.

కాళి నాలుక లోపలికి తీసుకుంది. "ఏటుందొదినా. ఆ కారు బొమ్మ సూసినాను. నా నడుం ఆ సీట్లో పట్టదు. పట్టినా మరి రాదు. అందరి ముందూ ఇరుక్కుంటే నన్ను కోసి తియ్యాలి."

హనుమంతుడు గొంతు సవరించుకున్నాడు. తనకు చెవుల్లోకి గాలి వెళితే వారం రోజులు తల తిరుగుతుందని, సిటీ బస్సులో కూడా కిటికీ మూసుకునే కూర్చుంటానని ఒప్పుకున్నాడు. పులి మొగలిపొద సంగతి చెప్పింది. అంత సేపూ వరుసలో ముందూ వెనకా నిలబడ్డ ఎలుగుబంటూ, నరసింహస్వామీ, మరో ఆరుగురు దేవతలూ జంతువులూ ఒక్కొక్కరే ఇటు తిరిగారు. అందరి చేతులూ ఎర్రగానే ఉన్నాయి. నాగవల్లి వేళ్లు మడిచి లెక్కపెట్టింది. పదకొండు.

చివరికి హనుమంతుడు కళ్లజోడు తుడుచుకుని, కార్యదర్శి గొంతుతో, సభ్యులంతా హాజరయ్యారని, కోరం ఉందని, అధ్యక్షుల వారు సభ ప్రారంభించవచ్చని అన్నాడు.

పులి తోక సర్దుకుని నిటారుగా నిలబడింది. "తరాంగో రాకను అడ్డుకున్న దుష్టశక్తులను ఈ సంఘం తీవ్రాతితీవ్రంగా ఖండిస్తున్నది."

పదకొండు ఎర్ర చేతులు పైకి లేచాయి. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఇంతలో వరుస కదిలింది, ఆ దుష్టశక్తులన్నీ ఒకదాని వెనక ఒకటి లోపలికి వెళ్లి, గ్లౌజులు తీసి, భక్తిగా హారతి కళ్లకద్దుకున్నాయి.