కూర్మారావు పదివేళ్ళ కేసు

ఆ ఉదయం పలాస స్టేషను మీద మబ్బులు పొట్టు తీయని జీడిపప్పు రంగులో ఉన్నాయి. కాసేపటికి సముద్రం వైపు నుంచి వెలుగొచ్చి ఆ పొట్టు ఊడిపోయింది. విశాఖ రైలు కోసం నిలబడి నేను దాన్నే చూస్తున్నాను.

"ఆకాశం ఎర్రగుంది, గమనించావా కూర్మారావు బావా?" అన్నాడు జగన్నాథరావు. "నెత్తుటి రంగు. ఈ భూగోళం మీద నేరం సేసినోడు ఎవడైనా సరే, ఇయ్యాల్టి నుంచి కంటినిండా నిద్రపోడు. ఎందుకో తెలుసా?"

తెలీదన్నట్టు చూశాను.

"డిటెక్టివ్ జె. రావు దేశం దాటతన్నాడు."

జగన్నాథరావు నా భార్య చిన్నమ్మికి అన్న వరస. కాశీబుగ్గలో జెరాక్సు కొట్టు నడిపేవాడు. డిటెక్టివ్ అన్న బిరుదు తనకు తనే ఇచ్చుకుని, కొట్టు బోర్డు మీద రాయించుకున్నాడు. అతను ఛేదించిన కేసు ఇప్పటికి ఒక్కటే. కొట్టు ముందు పెట్టిన సొంత సైకిలు పోయిందని మూడు రోజులు ఊరంతా గాలించి, నాలుగో రోజు నందిగాంలో పట్టుకున్నాడు. ఆ సైకిలు మీద నందిగాం పెళ్ళికి వెళ్ళి, వచ్చేటప్పుడు బస్సెక్కింది అతనే.

నేను పదిహేనేళ్ళు జీడి మిల్లులో పెంకు కొట్టాను. మిల్లులోకి మిషన్లు దిగాక గేటుకు ఇవతలే ఉండిపోయాను. ఏడాది తిరిగాక, పై దేశంలో ఓడలు కట్టే యార్డులో మా ఇద్దరికీ పని దొరికింది. నాది హెల్పరు పని, అతనిది గేటు దగ్గర వాచ్‌మన్ పని. ఆ దేశంలో అడుగు పెట్టడానికి మా వీసాలో వేసిన ఆఖరి రోజు ఇదే. రాత్రి పన్నెండు దాటితే ఆ కాగితం పకోడీ పొట్లానికి తప్ప పనికిరాదు.

టెక్కలి ఏజెంటు చవగ్గా వచ్చాయని రెండు విమానాలకూ వేర్వేరు టిక్కెట్లు తీశాడు. దాంతో మధ్యలో దిగే ఊళ్ళో ఊరికే కూర్చుంటే కుదరదు. పాస్‌పోర్టు చూపించాలి, పెట్టెలు తీసుకోవాలి, కస్టమ్స్ దాటాలి, పెట్టెలు మళ్ళీ అప్పజెప్పి రెండో విమానం ఎక్కాలి. అన్నిటికీ కలిపి మూడు గంటలు.

బయలుదేరేముందు చిన్నమ్మి మా తోట కొబ్బరి నూనె నా నడినెత్తిన దోసెడు పోసి మర్దనా చేసింది. "ఇమానంలో సల్లగాలికి తలకాయ ఎండిపోద్దంట," అంది. చెవుల వెనక నుంచి కారి కాలరు తడిసింది. జగన్నాథరావు మాత్రం షాంపూ పెట్టుకుని వచ్చాడు. నూనె వాసనను బట్టి నేరస్థులు డిటెక్టివును పసిగట్టేస్తారని అతని సిద్ధాంతం.

విమానంలో నాలుగు గంటలూ అతను నిద్రపోలేదు. పక్క వరసలో కూర్చున్న మజ్జిగ రంగు చొక్కావాడు దొంగనోట్ల ముఠా నాయకుడన్నాడు. ఆ ముఠా నాయకుడు కాసేపటికి మనవరాలిని ఒళ్ళో వేసుకుని జోకొట్టాడు.

"ముసుగు," అన్నాడు జగన్నాథరావు.

మధ్య ఊళ్ళో దిగి పాస్‌పోర్టుల వరసలో నిలబడ్డాం. అద్దాల గదిలో ఒక అధికారిణి కూర్చుంది. ముందున్న పచ్చటి గాజు పలక మీద వేళ్ళు ఆనించమంటోంది. జగన్నాథరావు ఆనించాడు. పచ్చ దీపం వెలిగింది. అవతలికి వెళ్ళి, మీసం సర్దుకుని నిలబడ్డాడు.

నేను కుడిచేతి నాలుగు వేళ్ళు పెట్టాను. ఎర్ర దీపం. ఎడమచేయి పెట్టాను. ఎర్ర దీపం. బొటనవేళ్ళు పెట్టాను. అదే. ఆవిడ గాజు తుడిచింది. కాగితం ఇచ్చి నా వేళ్ళు కూడా తుడుచుకోమంది. గట్టిగా తుడుచుకుని పెట్టాను. దీపం ముందుకన్నా ఎర్రగా వెలిగినట్టు అనిపించింది.

నా వేళ్ళ సంగతి నాకు తెలుసు. పెంకు పగిలినప్పుడు కారే జీడి రసం చర్మాన్ని తినేస్తుంది. ఎంత బూడిద రాసుకున్నా ఏదో సందులోంచి దిగుతుంది. గీతలు ఎప్పుడో అరిగి, ఎండి, కనబడకుండా పోయాయి. రేషను మిషను మీద చిన్నమ్మే వేలు పెడుతుంది. పాస్‌పోర్టు ఆఫీసులో ఏడోసారికి గానీ పడలేదు. ఇదంతా ఆవిడకు ఇంగ్లీషులో చెప్పాలి. నాకు తెలుగులోనే మాటలు తక్కువ.

పసుపు గీత దాటి జగన్నాథరావు వెనక్కి వచ్చేశాడు.

"ఏటయ్యింది?"

"ముద్రలు పడ్డం లేదు."

"ఎవులివి?"

"నావే."

అతని ముఖంలో రంగులు మారాయి. ఒకడుగు వెనక్కి వేశాడు.

"పదిహేనేళ్ళు," అన్నాడు మెల్లగా. "పదిహేనేళ్ళు నా పక్కన కూకుని టీ తాగినావు."

"అయితే?"

"ఏలిముద్రలు సెరిపేసుకునే మనుసులు లోకంలో రెండు రకాలు బావా. ఒకటి అంతర్జాతీయ దొంగలు."

"రెండోది?"

"రెండో రకం ఇంకా దొరకలేదు."

"జీడి పిక్కలు కొట్టి అరిగిపోనాయి బావా. నీకు తెల్దేటి?"

"పట్టుబడినోడు ప్రతీవోడూ ఏదో ఒక పిక్క పేరు సెప్తాడు." అతను తల అడ్డంగా ఊపాడు. "నువ్వు మాటాడకపోతే అమాయకుడివనుకున్నాను. నోరు జారతాదని భయమన్నమాట. ఎంత లోతు మనిసివి బావా."

అందులో కోపం కంటే గౌరవమే ఎక్కువ వినిపించింది. ఇన్నాళ్ళకు తన స్థాయికి తగిన నేరస్థుడు దొరికాడు, అదీ ఇంట్లోనే. ఛాతీ విరుచుకుని అద్దం దగ్గరకు వెళ్ళాడు.

"మేడమ్. ఐ డిటెక్టివ్. దిస్ మేన్ నో ఫింగర్."

ఆవిడ నా చేతులు చూసి లెక్కపెట్టింది. "టెన్," అంది.

"ఫింగర్ టెన్. ప్రింట్ నో. వెరీ బిగ్ మేన్."

ఆవిడ నన్ను కింది నుంచి పైకి చూసింది. నేను నలభై ఎనిమిది కిలోలు.

"బేగ్ ఇన్సైడ్, పౌడర్," అన్నాడు గొంతు తగ్గించి.

ఆ పౌడరు చోడి పిండి, అంటే రాగి పిండి. పొద్దున్నే అంబలి లేకపోతే తన బుర్ర పని చేయదని, అతనే చిన్నమ్మిని అడిగి నా పెట్టెలో పెట్టించాడు.

ఆవిడ ఫోనెత్తింది. ఒక పొడుగాటి పెద్ద అధికారి వచ్చాడు. ముందు జగన్నాథరావునే అడిగాడు.

"యూ పోలీస్?"

"నో. మోర్."

"యూ నో దిస్ మేన్?"

"బ్రదర్ ఇన్ లా."

పెద్దాయనకు చాలా సంగతులు అర్థమైనట్టుంది. నావైపు కొంచెం జాలిగానే చూశాడు. కానీ పని పనే. చేతి గడియారం మీద వేలితో రెండు చుట్లు చుట్టి, పక్కనున్న గది చూపించాడు. అందులో కూర్చోవాలి. రెండు గంటలట. గోడ గడియారంలో చూస్తే రెండో విమానానికి గంటంపావు ఉంది. నా కళ్ళ ముందు మిల్లు గేటు కనబడింది. దానికి వేసిన తాళం కనబడింది. తాళం ఇవతల నిలబడ్డ నేనూ కనబడ్డాను.

జగన్నాథరావు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"భయపడకు బావా. నిజం ఒప్పేసుకో. సెల్లి సంగతి నాను సూసుకుంటాను. జైలుకి నెలనెలా వత్తాను. జీడిపప్పు తెత్తాను."

జీడిపప్పు అనేసరికి నాలో ఏదో తెగిపోయింది. రెండు చేతులతో తల పట్టుకున్నాను. ఊరికే కాదు. పదివేళ్ళూ జుట్టులోకి దిగేసి, బుర్ర పగిలిపోతుందేమోనన్నంత గట్టిగా నొక్కి పట్టి, అలాగే నిలబడిపోయాను.

ఎంతసేపు నిలబడ్డానో. అధికారిణి అద్దం మీద మెల్లగా కొట్టింది. జాలికో అలవాటుకో, గాజు పలక చూపించి, "వన్స్ మోర్," అంది.

పెట్టాను. పచ్చ దీపం.

ఎడమచేయి పెట్టాను. పచ్చ దీపం. బొటనవేళ్ళు పెట్టాను. పచ్చ దీపం.

నలుగురం దీపం వైపే చూశాం. ఆవిడ గాజు మీద వేలు రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని, నా తలకాయ వైపు చూసింది.

"కోకోనట్?"

తలూపాను. ఆవిడ మొదటిసారి నవ్వి, ముద్ర గట్టిగా గుద్దింది.

"సూసావా," అన్నాడు జగన్నాథరావు, అవతలికి రాగానే. "మానసిక ఒత్తిడి పద్ధతి. మాటల్తో గిల్లి గిల్లి నీ సేత నిజం కక్కించినాను."

"ఏ నిజం?"

"నువ్వు నువ్వేనని."

కస్టమ్స్ దగ్గర నా పెట్టె తెరిచారు. చోడి పిండి వాసన చూసి, పులిహోర పొట్లం నొక్కి చూసి, మూసేశారు. జగన్నాథరావు తన దగ్గర పండ్లు, కాయలు, గింజలు లేవని కాగితం మీద సంతకం పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు. అతని పెట్టెలోని లుంగీ మడతల్లోంచి జుట్టుతో సహా కొబ్బరికాయ బయటపడింది. రావివలస మల్లికార్జునుడి గుడిలో పూజ చేయించి తెచ్చుకున్నది. గోడ మీద బొమ్మలో అదే కాయ ఉంది, దాని మీద ఎర్రగా అడ్డగీత ఉంది. అతని చేత ఇంకో సంతకం పెట్టించుకుని కాయ తీసుకున్నారు. ఆ సాయంత్రం ఆ హాల్లో నేరం చేసి దొరికినవాడు అతనొక్కడే.

 

పెట్టెలు అప్పజెప్పి, పరిగెత్తి, గేటు దగ్గరకు చేరాం. లోపలికి పిలవడానికి ఇంకా పావుగంట ఉంది. కుర్చీల మధ్య పొట్లం విప్పి, అరిటాకు పరిచాను. చిన్నమ్మి పులిహోరలో జీడిపప్పు బాగా వేసింది.

ఇద్దరం తినడం మొదలుపెట్టాం. కాసేపటికి జగన్నాథరావు తన వైపున్న పప్పులు ఒక్కొక్కటే ఏరి నా వైపు పెట్టసాగాడు. నేను చూశాను. అన్నీ గుండు పప్పులే. ఒక్కదాని మీద కూడా కత్తి గాటు లేదు. కొట్టింది ఎవరో గాని మంచి చెయ్యి. సగం తీసి మళ్ళీ అతని వైపు జరిపాను.

ముద్ద నములుతూనే అతను ఎడమచేయి చాచి నా నడినెత్తి తడిమాడు. అవతల ఊళ్ళో కూడా గాజు పలక ఉంటుంది కదా. నూనె ఇంకా మిగిలే ఉందని నిర్ధారించుకుని, ఆ చెయ్యి తన ప్యాంటుకు తుడుచుకుని, మళ్ళీ తినడంలో పడ్డాడు.