పందొమ్మిదో పేరు

ఆ సోమవారం ఉదయానికి లిస్టమ్మగారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదికి కుక్కరు దించాలి. తొమ్మిదింపావుకి డాక్టరును వెతకాలి. పదికి బట్టలు ఆరేయాలి.

లిస్టమ్మ ఆవిడ అసలు పేరు కాదు. ఆ మూడంతస్తుల బిల్డింగులో ఎవరికి ఏం అవసరమొచ్చినా ఆవిడ ముందు కాగితం తీసేది, స్కేలుతో గీతలు గీసేది, వరసగా అంకెలు వేసేది. ఆ తర్వాతే మాట్లాడేది. పేరు దానంతట అదే అతుక్కుంది.

భర్త బీపీ మాత్ర మింగి నీళ్లు తాగుతూ డబ్బా ఆడించి చూశాడు.

"ఇంకా మూడున్నాయి. మంగళ, బుధ, గురు. శుక్రవారం నుంచి దేవుడే దిక్కు."

"దేవుడు చీటీ రాసివ్వడు. చీటీ లేందే మందుల షాపువాడు మాత్ర ఇవ్వడు," అంది ఆవిడ.

ఇన్నేళ్లుగా చూస్తున్న డాక్టరు పోయిన నెల నుంచి ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు తీసుకోవడం మానేశాడు. అదీ వచ్చిన చిక్కు.

"పోనీ, ఈ ఒక్కసారికి ఫీజు కట్టి..." అని భర్త నసిగాడు.

"నెలనెలా మీ జీతంలో బీమాకి కోస్తున్నారా లేదా? కోస్తున్నప్పుడు మనల్ని చూసే డాక్టరు ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. ఉన్నాడు. నేను పట్టుకుంటాను."

బీమా ఆఫీసువాళ్లు ఇచ్చిన కాగితంలో దగ్గర్లోని జనరల్ ఫిజీషియన్లు పద్నాలుగు మంది ఉన్నారు. ఆవిడ కుర్చీ లాక్కుని ఫోను అందుకుంది.

మొదటి నంబరు చెప్పుల షాపుది. "డాక్టరుగారు ఖాళీ చేసి వెళ్లిపోయారమ్మా. సైజు చెప్పండి," అన్నాడు అవతలివాడు. రెండో నంబరుకు డాక్టరుగారి భార్య పలికింది. "ఆయన పోయి మూడేళ్లయిందమ్మా. ఉన్నన్నాళ్లూ కార్డు మాత్రం తీసుకున్నారు." లిస్టమ్మగారు తగినంత విచారం తెలిపి ఆ పేరు ఎదుట ఇంటూ గుర్తు పెట్టింది. మూడోచోట కార్డు తీసుకుంటారట గానీ కొత్త పేషెంట్లను తీసుకోరట.

"మరి మీ పాత పేషెంట్లు మొదటిసారి వచ్చినప్పుడు కొత్తవాళ్లే కదండీ?" అని ఆవిడ న్యాయంగానే అడిగింది. లైను తెగిపోయింది.

అలా పదమూడు ఇంటూలు పడ్డాయి. పద్నాలుగో ఫోను మోగుతూనే ఉంది తప్ప ఎవరూ ఎత్తలేదు. అడ్రసు మాత్రం తమ వెనక వీధిలో, ఇస్త్రీ షాపు పక్కన. తడిబట్టలు బకెట్లోనే వదిలేసి ఆవిడ చెప్పులేసుకుంది.

తలుపు డాక్టరే స్వయంగా తీశాడు. మెడలో స్టెతస్కోపు, చేతిలో చీపురు.

"బీమా కార్డు తీసుకుంటారా?"

"తీసుకుంటాను."

"కొత్తవాళ్లని?"

"తీసుకుంటాను."

ఆ ఉదయం అనుభవం వల్ల, డాక్టరుగారు బతికే ఉన్నారా అన్న ప్రశ్న కూడా ఆవిడ జాబితాలో చేరింది. కళ్లెదుటే నిలబడి ఉన్నాడు కనుక అడగలేదు.

"ఫోను ఎత్తరేమండీ?"

"ఎత్తే అమ్మాయి మానేసి పది రోజులైంది. గురువారం తొమ్మిదికి రండి. ఎవరూ ఉండరు."

కొండ ఎక్కి దిగినంత సంబరంతో ఇంటికొచ్చి ఆవిడ ఆ కాగితానికి శుభ్రమైన ప్రతి రాసింది. పదమూడు ఇంటూలు, ఒక్కొక్కదానికీ కారణం. చివర్న ఒకే ఒక్క టిక్కు, దాని ఎదుట డాక్టరు పేరు, అడ్రసు. ఎత్తని ఫోను నంబరు రాసి ఏం లాభమని అది వదిలేసింది. అడుగున మాత్రం 'తప్పులుంటే ఈ నంబరుకు తెలుపగలరు' అని తన నంబరు వేసింది. పోస్టు డబ్బాల పక్కన అంటించి, నలుగురికీ పనికొస్తుందని తృప్తిపడింది.

పనికొచ్చింది. టిక్కు చూసిన ప్రతివాడి కన్నూ కిందికి జారి, కాగితం మొత్తానికి ఉన్న ఒకే ఒక్క నంబరు మీద ఆగింది.

సాయంత్రం మొదటి ఫోను వచ్చింది. "డాక్టరుగారి దగ్గరేనాండీ?"

"కాదండీ. ఆయన ఫోను ఎత్తరు."

"మీరు ఎత్తారుగా!"

"గురువారం తొమ్మిదికి వెళ్లండి," అంది. తర్వాతి నలుగురికీ అదే చెప్పింది. ఐదో ఫోను పెట్టేశాక ఆవిడలో గీతలు గీసే మనిషి మేలుకుంది. ఐదుగురు ఒకే తొమ్మిదికి ఎలా పడతారు? కొత్త నోటుబుక్కు తీసింది. పావుగంటకొకరు. పేరు, వయసు, బాధ, వాడే మందులు, పడని మందులు, చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు. ఎవరికి వాళ్లు పోస్టు డబ్బాల పక్కనున్న కాగితాన్ని ఫొటో తీసి తమవాళ్లకు పంపారు. తీగ లాగితే డొంకంతా కదిలింది. మంగళవారమంతా ఫోను మోగింది.

"ఇంతకీ నా నంబరెంత?" అన్నాడు భర్త, బుధవారం కాఫీ తాగుతూ.

"ప్రస్తుతానికి పదకొండు."

"నిన్న పొద్దున ఒకటన్నావు!"

"పై వాటా టీచరమ్మకు మెట్లెక్కితే ఆయాసం. ఇస్త్రీ షాపాయన కాలి పుండు మానడం లేదు. మీకేముంది?"

"ఏదో ఒకటి ఉండాలంటే తెచ్చుకుంటాను."

"తెచ్చుకోనక్కర్లేదు, మాత్ర వేసుకోండి," అంటూ ఆవిడ మెడ వెనక రుద్దుకుంది. "ఈ ఫోను పట్టుకుని పట్టుకుని మెడ ఒకటే లాగేస్తోంది."

బుధవారం సాయంత్రానికి భర్త నంబరు పద్దెనిమిది. ఇక పేర్లు రాసుకోనని ఆవిడ ఫోను ఆపేసింది.

గురువారం ఉదయం భర్త ఆఖరి మాత్ర మింగి, ఖాళీ డబ్బా సాక్ష్యంగా జేబులో వేసుకున్నాడు. వీళ్లు వెళ్లేసరికి వరస క్లినిక్కు గుమ్మం నుంచి ఇస్త్రీ షాపు బల్లదాకా ఉంది. డాక్టరు తలుపు తీసి కంగారుపడ్డాడు.

"ఏమైంది? ఎక్కడైనా బస్సు బోల్తా పడిందా?"

"అపాయింటుమెంటండీ," అన్నారు జనం.

"ఎవరిచ్చారు?"

అన్ని చేతులూ లిస్టమ్మగారి వైపు లేచాయి. అందులో భర్త చెయ్యి కూడా ఉంది.

డాక్టరు మొహం ఎర్రబడింది. "ఏమ్మా, నా పేరు మీద టైములివ్వడానికి మీరెవరు? ఒక్కణ్ణి, రోజుకి ఏడెనిమిది మందిని చూడడమే గగనం. అందర్నీ పంపించేయండి."

భర్త జేబులో ఖాళీ డబ్బా తడుముకున్నాడు. ఆవిడ మాత్రం కదల్లేదు.

"పంపించేస్తానండీ. అంతకుముందు ఒక్కసారి ఇది చూడండి." నోటుబుక్కు తెరిచి ఆయన ముక్కు కింద పెట్టింది.

డాక్టరు విసుగ్గా ఒక పేజీ చూశాడు. విసుగు తగ్గి రెండోది చూశాడు. మూడోదాని దగ్గర ఆగాడు. "ఈయనకి పెన్సిలిన్ పడదని మీరడిగి రాశారా?"

"అడక్కపోతే ఎవరు చెప్తారండీ?"

డాక్టరు వరస చివరిదాకా ఒకసారి చూశాడు. చేతిలోని చీపురు తలుపు వెనక పెట్టాడు. "ఒకటో నంబరును పిలవండి," అన్నాడు.

ఆవిడ పిలిచింది. గుమ్మంలో నిలబడి, మాట్లాడేవాళ్లను మాట్లాడనివ్వకుండా, నంబరు దాటబోయినవాళ్లను దాటనివ్వకుండా, ఒకటిన్నరకల్లా పద్దెనిమిదోవాణ్ణి లోపలికి పంపి తనూ వెనకే వెళ్లింది.

"నూట ఇరవై రెండు, ఎనభై. బ్రహ్మాండం!" అన్నాడు డాక్టరు. "అదే మాత్ర మూడు నెలలకి రాస్తున్నాను. ఇంత క్రమం తప్పకుండా వేసుకునేవాళ్లు అరుదండీ."

"ఆ క్రమం నాది కాదు లెండి," అన్నాడు భర్త.

ఆవిడ చీటీ అందుకుని రెండుసార్లు చదివి మడిచి సంచిలో పెట్టుకుంది. పని అయిపోయింది. మెడ వెనక చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకుంది.

"మీరు కూర్చోండి," అన్నాడు డాక్టరు.

"నేను పేషెంటును కాదండీ."

"పొద్దున్నుంచి మెడ పట్టుకునే ఉన్నారు. కూర్చోండి."

చేతికి బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. "నూట డెబ్బై ఆరు, నూట నాలుగు. చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు?"

ఆ ప్రశ్న ఆవిడ నోటుబుక్కులోదే. పద్దెనిమిది మందిని తడుముకోనివ్వకుండా అడిగింది. ఇప్పుడు తనే తడుముకుంది. "మా చిన్నవాడు పుట్టినప్పుడు."

"వాడికిప్పుడు ఎన్నేళ్లు?"

"వాడు ఉద్యోగంలో చేరే రెండేళ్లయిందండీ," అన్నాడు భర్త. ఈసారి ఆయన గొంతులో హాస్యం లేదు.

ఆయాసం తగ్గేదాకా బయట బల్ల మీద కూర్చున్న టీచరమ్మ గుమ్మంలోంచి తొంగిచూసింది. "ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టుందే అమ్మాయ్!"

"కార్డుందా?" అన్నాడు డాక్టరు.

ఉంది. సంచిలో, భర్త కార్డు వెనకే, ఇచ్చిననాటి ప్లాస్టిక్ కవరైనా విప్పకుండా ఉంది.

"కొత్తవాళ్లని తీసుకుంటారు కదండీ?" అంది ఆవిడ. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆ గొంతు చిన్నదైంది.

"పందొమ్మిదో పేరు రాయండి."

స్కేలు తీసి గీత గీసింది. పేరు రాసింది, వయసు రాసింది. 'బాధ' అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. భర్త ఆ పెన్ను తీసుకుని, 'తన సంగతి పట్టించుకోదు' అని రాశాడు. డాక్టరు అది చదివి, మార్చకుండా మందు రాశాడు.

మర్నాటి నుంచి ఆవిడకు మాత్ర గుర్తుచేసే బాధ్యత భర్త తీసుకున్నాడు. ఆ సంగతి ఆయనకు రోజూ గుర్తుచేసే బాధ్యత మాత్రం ఆవిడదే.