ఉరిగాంలో శ్రీకంఠయ్య లండన్

ఆ ఉదయం శ్రీకంఠయ్య అనుకున్నది చాలా చిన్న పని. స్నానం చేసి, అంగడిలో దేవుడి పటం ముందు పాస్‌పోర్టు పెట్టి దండం పెట్టుకుని, భార్య నాగరత్నతో కారెక్కి బెంగళూరు దేవనహళ్లి విమానాశ్రయానికి పోవాలి. అక్కడి నుంచి లండన్. కోలారు బజారులో ధాన్యం అమ్మేవాళ్లలో లండన్ చూసినవాడు అప్పటికి ఒక్కడూ లేడు.

కొన్ని నెలలుగా అతను రాగుల బేరానికి వచ్చినవాణ్ణి కూడా టూరు కంపెనీవాళ్ల రంగుల పుస్తకం చూపించకుండా పంపలేదు. అందులో రాజుల కోటలున్నాయి, గడియారపు గోపురం ఉంది. అన్నిటికన్నా అతన్ని ఆకట్టుకున్నది మాత్రం వాళ్లు దిగబోయే హోటలు. నూరేళ్లనాటి భవంతి. ప్రతి గదిలోనూ గోడలోనే పొయ్యి.

"చలికి గదిలోనే మంట ఏస్తారప్పా. పొగంతా పైకే పోతాది. కంట్లో ఒక చుక్క నీళ్లు రావు" అని అతను వర్ణిస్తుంటే ఎదురంగడి బెల్లం వ్యాపారి ఓబలప్ప ముఖం తిప్పుకునేవాడు. ఓబలప్ప కూతురూ అల్లుడూ లండన్‌లోనే ఉంటారు. అయినా మామగారిని ఇంతవరకూ రమ్మని పిలవలేదు.

అనుకున్నది చిన్న పనే అయినా సాగనంపడం పెద్దదైపోయింది. బజారువాళ్లు ఫ్లెక్సు కట్టించారు. డోలు తెప్పించారు. శ్రీకంఠయ్య మెడ కనిపించనంతగా దండలు వేశారు. అతను దేవుడి ముందు కొత్త పాస్‌పోర్టుతో పాటు, గడువు తీరిపోయిన పాతదాన్నీ పెట్టాడు. ఒక్కసారైనా వాడకుండానే ముసలిదైపోయిందే అన్న జాలి కొద్దీ పెట్టాడు. డోలు మోతలో, దండల మధ్య నుంచి చెయ్యి చాపి, చేతికి అందినదాన్ని జేబులో వేసుకున్నాడు.

విమానాశ్రయంలో కౌంటరు దగ్గరి అమ్మాయి పాస్‌పోర్టు తెరిచి, కుంకుమ దులిపి, గడువు తీరిపోయిందని మర్యాదగా తిరిగిచ్చేసింది.

కోలారుకు పోయి వచ్చే వ్యవధి లేదు. టూరులో తోటివాళ్లు చేతులూపుతూ లోపలికి వెళ్లిపోయారు. వచ్చే నెల గుంపులో సర్దుతామని కంపెనీవాడు ఫోన్లో మాటిచ్చాడు. నాగరత్న పాస్‌పోర్టు సరిగ్గానే ఉంది. కానీ ఆవిడ పెట్టె మీద కూర్చుండిపోయింది.

"మీరు లేకుండా ఆ దొరలతో నేనేం మాట్లాడేది? ఇంటికి పోదాం పాండి."

"ఇంటికి ఎట్ల పోయేది? ఆ ఫ్లెక్సు ఇంగా దించుండరు" అన్నాడు శ్రీకంఠయ్య. దాని కిందుగా కారు దిగడం తలుచుకుంటేనే అతనికి చెమట పట్టింది.

నాగరత్న పెట్టె మీద నుంచి లేచి, "అయితే మా ఊరికి పోదాం" అంది.

ఆవిడ ఊరు కోలారు బంగారు గనుల పట్టణం కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేట. అక్కడ వాళ్ల నాయనకు బట్టల అంగడి ఉండేది. గనులు మూతపడ్డాక అంగడీ మూతపడింది, బంధువులు తలో దిక్కూ పోయారు. ఒక్కసారి చూసొద్దామని ఆవిడ అడిగినప్పుడల్లా శ్రీకంఠయ్య, "పక్కనే కదా, యాపొద్దన్నా పోవచ్చు" అనేవాడు. పక్కనే ఉన్నందుకు ముప్పై ఏళ్లుగా పోలేదు. ఈసారి అతనే పెట్టె ఎత్తుకున్నాడు.

రాబర్ట్‌సన్‌పేట పక్కనే, ఉరిగాంలో ఒక పాత బంగళా ఉంది. ఒకప్పుడు గని దొర ఉన్న ఇల్లు. ఇప్పుడు ఫిలోమినా అనే ఆవిడ రెండు గదులు సర్ది, వచ్చినవాళ్లకు బసా భోజనమూ ఇస్తోంది. వాళ్లు అక్కడ దిగారు. క్రిస్మస్ దగ్గరపడటంతో వరండాలో కాగితపు నక్షత్రం వేలాడుతోంది. గదిలోకి అడుగుపెట్టిన శ్రీకంఠయ్య అక్కడే నిలబడిపోయాడు. గోడలో పొయ్యి. నల్లరాతి చట్రం, పైన పొగగొట్టం. ఫిలోమినా అందులో రెండు కట్టెలు పేర్చి నిప్పంటించింది. పొగంతా పైకే పోయింది.

ఆ రాత్రి, విమానం దిగే వేళ లెక్కగట్టి, బజారువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఓబలప్ప "చేరినారా?" అని అడిగాడు. శ్రీకంఠయ్య కోటు తొడుక్కుని, పొయ్యి ముందు నిలబడి నాగరత్న చేత ఫొటో తీయించుకుని, "చేరినాము" అని మాత్రం రాసి పంపాడు. అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు.

బజారు ఊగిపోయింది. దండాల బొమ్మలు కురిశాయి. ఓబలప్ప ఒక్కడే, "గది సరే. ఊరు చూపించు" అన్నాడు.

మర్నాడు ఇద్దరూ ఊరు చూడటానికి బయలుదేరారు. నాగరత్న తన బడి ఎక్కడ, తన వీధి ఎక్కడ అని వెతుకుతుంటే, శ్రీకంఠయ్య కొబ్బరిచెట్టూ కన్నడ బోర్డూ ఆటో పడని చోటు కోసం వెతికాడు. అది బంగారం దొరకడం కన్నా కష్టమని తేలింది. చర్చి శిఖరం కోసం రోడ్డు మీద వెల్లకిలా పడుకున్నాడు. ఎవరో మూర్ఛ అనుకుని తాళాలు పట్టుకొచ్చి చేతిలో పెట్టారు. గని నుంచి మనుషులనూ మట్టినీ పైకి లాగిన ఇనుప గోపురాన్ని 'చారిత్రక కట్టడం' అని పంపాడు. బంగారం తీశాక మిగిలిన మట్టి కొండలా పేరుకుని ఉంటే, దాన్ని 'పాత కోట దిబ్బ' అన్నాడు.

"దిబ్బ కింద మేక ఉండాదే?" అని అడిగాడు ఓబలప్ప.

"లండన్‌లో మేకలుండవా?" అని రాసి, శ్రీకంఠయ్య ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

రాబర్ట్‌సన్‌పేటలో నాగరత్న ఒక మొబైల్ అంగడి ముందు ఆగింది. ఒకప్పుడు వాళ్ల నాయన బట్టల అంగడి ఉన్న చోటు అదే. లోపల అద్దాలూ రంగుల దీపాలూ. గడప కింద రాతిమెట్టు మాత్రం పాతది, నడుమ అరిగి గుంటపడింది. ఆవిడ చీర సర్దుకుని ఆ మెట్టు మీద కూర్చుంది.

"గని సైరన్ కూస్తే మా నాయన గడియారం సరిచేసేవాడు. జీతాలిచ్చిన పొద్దు ఈ వీధిలో కాలు పెట్టే సందుండదు. ఫొటో తీయండి" అంది.

"ఈడ వద్దు, బోర్డు పడతాది."

"పడనీండి. ఇది మీ లండన్‌కు పంపేదానికి కాదు."

అతను తీశాడు. బోర్డు పడింది, ఆటో పడింది. నాగరత్న నవ్వు కూడా పడింది. ఆ నవ్వు చూసి చాలా ఏళ్లయిందని అతనికి అప్పుడు తోచింది.

సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు ఆ బట్టల అంగడి మాట వినగానే ఫిలోమినా చేతిలో కట్టె కింద పడేసింది.

"అక్కా! మీరు సెట్టిగారి బిడ్డా? నా క్రిస్మస్ గౌను గుడ్డంతా మీ అంగట్లోదే కదా! నీలం మీద తెల్ల చుక్కలు. ఎదిగే పిల్ల అని మీ నాయన గుడ్డ కొలత కన్నా జాస్తిగానే చించేవాడు."

"ఆ చుక్కల గుడ్డ నాకూ కుట్టించినారు!" అంది నాగరత్న.

ఇద్దరూ ఆ గుడ్డ దగ్గర మొదలుపెట్టి ఊరంతా తిరిగి వచ్చారు. శ్రీకంఠయ్య ఫోను ముట్టకుండా విన్నాడు. పక్కనే ఉందని తాను వాయిదా వేసింది ఊరిని కాదని, మనిషినని అతనికి మెల్లగా అర్థమైంది.

మరునాడు మధ్యాహ్నం ఓబలప్ప వీడియో కాల్ చేశాడు. వెనుక బజారు సగం కనిపించింది. శ్రీకంఠయ్య గబగబా మంకీక్యాప్ పెట్టుకుని పొయ్యి ముందు నిలబడ్డాడు.

"ఏమప్పా, మా అల్లుడికి ఇంగా పొద్దున్నే అంట. నీకు ఎండ ఇంత ఎక్కిండాది?"

"మేము కొంచెం ఈ పక్కకు ఉండామప్పా" అన్నాడు శ్రీకంఠయ్య.

అంతలో వంటింట్లోంచి ఫిలోమినా కేక వినిపించింది. "అయ్యా! రాగిముద్ద అయిండాది, పితికిపప్పు చారు చల్లగైపోతాది, రాండి!"

బజారంతా ఫోను దగ్గరికి జరిగింది.

"లండన్‌లో ముద్దా?" అన్నాడు ఓబలప్ప.

"ఈ హోటలామె మన పక్కదే. ముద్ద బ్రహ్మాండంగా చేస్తాది" అన్నాడు శ్రీకంఠయ్య. అందులో కూడా అబద్ధం లేదు. ప్రమాదమంతా అక్కడే వచ్చింది.

"అయ్యో దేవుడా! మా అల్లుడు పునీత్ ముద్ద లేక చిక్కి సగమైపోయినాడప్పా! ఈ పొద్దే పంపిస్తా. అడ్రస్ చెప్పు!"

"ఆ వీధి పేరు నోరు తిరగదు..."

"అయితే ఆమెకే ఇయ్యి ఫోను!"

అప్పటికే ఫిలోమినా గరిటెతో సహా వచ్చి నిలబడి ఉంది. అడ్రస్ అన్న మాట వినపడగానే ఉత్సాహంగా ఫోను అందుకుంది. "ఉరిగాం అండి, చర్చి వెనక."

"ఉరిగామా? లండన్‌లోనా?"

శ్రీకంఠయ్య పక్క నుంచి తల దూర్చాడు. "వాళ్ల ఊళ్ల పేర్లే కదప్పా మనకు తెచ్చి పెట్టినారు!"

"బస్‌స్టాండులో ఆటో ఎక్కేయండి. యాభై రూపాయలు అడుగుతారు, ముప్పై ఇయ్యండి" అని ఫిలోమినా ముగించింది.

ఓబలప్ప గొంతు ఎంతో మెత్తగా వినిపించింది. "రూపాయలా అమ్మా?"

మర్నాడు పొద్దున బంగళా ముందు ఒక వ్యాను ఆగింది. అందులోంచి బజారువాళ్లు దిగారు. డోలువాడు కూడా దిగాడు. శ్రీకంఠయ్య స్నానాలగదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. కోలారులో ఇక తలెత్తుకుని రాగులు కొలవలేనని, అంగడి మూసుకుని ఏ శ్రీనివాసపురం మామిడితోటలోనో బతకాలని తీర్మానించుకున్నాడు.

నాగరత్న మాత్రం వరండాలోకి వచ్చి నిలబడింది.

"రాండన్నా. ఈయన పాత పాస్‌పోర్టు తీసుకొచ్చినాడు. మీ దండలకు భయపడి ఈడ దాక్కున్నాము. ఇంగ మీరు నవ్వేది ఉంటే నవ్వేయండి. అయినాక మా ఊరు చూపిస్తాను."

అంత సూటిగా చెప్పేసరికి నవ్వడానికి ఎవరికీ దారి దొరకలేదు. ఆవిడ ముందు నడుస్తుంటే అందరూ వెనకాలే నడిచారు. దారిలో ఒకరు తమ నాయన ఇక్కడికి బండిలో బియ్యం తోలిన సంగతి చెప్పారు. ఇనుప గోపురం దగ్గర డోలువాడు, తన తాత ఈ గనిలోనే దిగేవాడని చెప్పి, డోలు కింద పెట్టి చెప్పులు విడిచాడు. ఓబలప్ప ఆ చెప్పుల వంక చూసి, తన చెప్పులూ విడిచాడు.

మధ్యాహ్నం ముద్దలు చాలక ఫిలోమినా మళ్లీ ఎసరు పెట్టింది. తిని చెయ్యి కడుక్కుని వచ్చిన ఓబలప్ప స్నానాలగది తలుపు కొట్టాడు.

"బయటికి రాప్పా శ్రీకంఠయ్యా. ఆ పొయ్యి కాడ నన్నొక ఫొటో తీయి. కోటు కూడా ఇయ్యి."

మరుసటి నెల శ్రీకంఠయ్య, కొత్త పాస్‌పోర్టును నాగరత్న చేతికే అప్పగించి, నిజంగానే లండన్ వెళ్లాడు. హోటలు గదిలో పొయ్యి ఉంది గాని అందులో కరెంటు దీపం పెట్టారు. నాగరత్న దాన్ని చూసి పెదవి విరిచింది. వాళ్లను చూడటానికి పునీత్ ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వచ్చాడు. ముగ్గురూ గడియారపు గోపురం ముందు నిలబడి తీయించుకున్న ఫొటోను శ్రీకంఠయ్య గర్వంగా బజారు గ్రూపులో పెట్టాడు.

క్షణాల్లో పునీత్‌కు మామగారి ఫోను వచ్చింది. "ఏమప్పా, కేజీఎఫ్ దాకా వచ్చి మా ఇంటికి రాకుండా పోతాండావా?"